మహిపాల్ నడపని బండి

చదివేటోళ్లకు ముందుగాల ఒక మాట. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట, మహిళా సంఘం కాడ వచ్చినయి. ఒత్తులు తప్పుతయి. ఎక్కడ చుక్క పెట్టాలెనో ఇప్పటికీ సరిగ్గ తెల్వదు. ఈ కాయితాలు రాసుడుకు పదమూడు రోజులు పట్టింది. చెయ్యి మెల్లగ నడుస్తదన్నది నిజమే గని, రాయబుద్ధి కాక కలం పక్కకు పెట్టిన రోజులు సుత అండ్ల ఉన్నయి. తప్పులుంటే మన్నించుండ్రి.

మాది జగిత్యాల జిల్లా మేడిపల్లి. మా ఆయన దేవయ్య తాళ్లెక్కి కల్లు గీసేటోడు. మా కొడుకు వేణు ఇంటర్ చదువుతుండంగ, ఒక పొద్దుగాల మోకు తెగి ఆయన చెట్టు మీది నుంచి పడ్డడు. మోకు అంటే నడుమును, చెట్టును కలిపి పట్టే తాడు. మళ్ల లేవలేదు. తాగి ఎక్కిండు, అందుకే పడ్డడు అని ఊర్లె మాట లేసింది. అది అబద్ధం. చెట్లన్ని దిగేదాక ఆయన చుక్క ముట్టకపోయేది. మోకు పాతదైంది, అంతే. ఆ మాట ఎవరెవరు అన్నరో తెలుసుకొని, ఒక్కొక్కరి వాకిట్లకు పోయి కొట్లాడిన. మొగడు పోయిన ఆడిది, తెల్లబట్టల మీద ఉండి, సిగ్గు లేకుంట కేకలేస్తున్నదని అన్నరు. అననీ అనుకున్న.

వేణు మస్కట్ పోయిండు. బోయినపల్లి నుంచి అనూషను కోడలిగ తెచ్చుకున్నం. కరోనా వచ్చిన తర్వాతి ఏడు వేణు పనిచేసే కంపెనీ జీతాలు ఆపింది. పాస్‌పోర్టు వాళ్ల కాడనే పెట్టుకున్నది. ఉందామంటే తిండి లేదు, వద్దామంటే టికెట్ లేదు. నేను చుట్టే బీడీలకు ఆకు వారానికి మూడు రోజులే వస్తుండె. అప్పుడు అనూష, తను పెండ్లికి ముందు చదివిన ల్యాబు చదువు కాయితాలు పెట్టెల నుంచి తీసింది. కోరుట్లల రక్త పరీక్షలు చేసే ల్యాబు ఒకటుంది, ప్రేమలత మేడం నడుపుతది. పొద్దుగాల ఊర్లు తిరిగి, ముసలోళ్ల ఇండ్లకే పోయి రక్తం తీసి, ఎండ ఎక్కకముందే ల్యాబుకు తేవాలె. పని ఇస్త గని సొంత బండి ఉండాలె అన్నదట.

బండి ఉన్నది. వేణు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు కొన్న మోటర్ సైకిల్, రెండేండ్ల సంది కొట్టంల దుప్పటి కప్పుకొని నిలబడ్డది. అనూషకు నడుపుడు వచ్చు. వాళ్ల నాయిన దశరథం కల్లు క్యాన్లు మోసే బండి మీద చిన్నప్పుడే నేర్చుకున్నది.

వేణు వీడియో ఫోన్ల మమ్ముల చూసుకుంట చెప్పిండు. "గార్డులు పెట్టియ్యకుంట బండి రోడ్డు మీదికి తీయద్దు. ముందర లెగ్ గార్డు, హ్యాండిల్‌కు చేతుల గార్డులు, ఎనుక చక్రం కాడ బట్ట చిక్కకుంట చీర గార్డు. అది బండితోని వచ్చిందే, షోకుకు పోయి నేనే పీకి పారేసిన. అవ్వా, నువ్వు గుడ పో. ఇనుము చూసుడు నీకు తెలుసు."

"నాకేం తెలుసురా ఇనుము?"

"నాయిన కత్తులు నువ్వే కొని తెస్తుంటివి గద. కమ్మరాయన నిన్ను చూస్తే దాక్కునేటోడు."

ముగ్గురం నవ్వినం. ఆ ఇంట్ల నవ్వు ఇనపడక చాన్నాళ్లయి ఉండె.

ఆ మంగళవారం పొద్దుగాల అనూష బండి తీసింది. నేను ఎనుక ఒక పక్కకు కూసున్న. తలకు వేణు హెల్మెట్ పెద్దగైతే లోపల తువ్వాల కుక్కుకున్నది. మంచిగ నడిపింది. గుంతలు చూసి తప్పిచ్చింది, లారీ వస్తే పక్కకు జరిగింది. నాకు లోపల సంబురమే అయింది. గని కోరుట్ల ఇండ్లు కనపడంగనే ఆమె భుజం గట్టిగ పట్టుకున్న.

"గిక్కడ ఆపు," అన్న.

"ఏమైంది అత్తమ్మా?"

"దిగు. నడిపిచ్చుకుంట పోదాం."

"బండి మంచిగనే ఉన్నది గద?"

"బండి మంచిగనే ఉన్నది పిల్లా. బజార్ల మనోళ్లు సగం మంది ఉంటరు."

ఆమెకు సమజైంది. మా దిక్కు ప్రతి నాలుగిండ్లకు ఒకడు గల్ఫ్‌ల ఉంటడు. ఆ ఇంటి కోడలు ఎటు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎవరి తోని నవ్వింది, ఊరంత లెక్క పెడుతది. స్కూటీ అయితే ఎవరేం అనరు. గేర్ల బండి మీద కాళ్లు అటొకటి ఇటొకటి ఏసి పోతే, మొగడు మస్కట్ల ఉంటే ఇది మొగోని లెక్క తిరుగుతున్నదని అంటరు. నేనే ఒకప్పుడు ఇంకో ఇంటి కోడలి మీద గట్ల అన్న. రాయకుంటే అబద్ధమైతది కాబట్టి రాస్తున్న.

అనూష హ్యాండిల్ పట్టుకుంటే నేను ఎనుక నుంచి దొబ్బిన. ఇంచుమించు కిలోమీటరు గట్లనే పోయినం. ఒక షేరింగ్ ఆటో ఆయన పక్కకు వచ్చి, "అవ్వా, పొద్దుగాల బండికి గడ్డి ఏసినవా లేదా?" అన్నడు. ఆటోల కూసున్నోళ్లంత నవ్వినరు. అనూష సుత నవ్వింది. నేను కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్న.

దుకాణం జలపతిది. బస్టాండు ఎనుక సందుల ఉంటది. ఒకప్పుడు మా కల్లు మండువ కాడికి రోజు వచ్చేటోడు, మా ఆయన తోని అన్నదమ్ముని లెక్క ఉండేటోడు. దుకాణం నిండ పై కప్పుకు లెగ్ గార్డులు వేలాడుతున్నయి, కసాయి దుకాణంల మేకలు వేలాడదీసినట్టు.

"ఏంది వదినే, పెట్రోలు అయిపోయిందా?"

"ఆ," అన్న. అది మొదటి అబద్ధం. చిన్నదే అనుకున్న.

అనూష గార్డులు కావాలని చెప్పింది. జలపతి ముందుగాల తళతళ మెరిసే తెల్ల గార్డు దించిండు. కొత్త గిన్నె కొనేటప్పుడు చూసినట్టు నేను చేతిల పట్టి చూసిన. తేలికగుంది. గోరుతోని కొడితే ఖాళీ డబ్బ లెక్క మోగింది.

"గిది పడితే వంగుతది జలపతీ. వంగి కాలు మీదికే వస్తది."

"నీకెట్ల తెలుసు?"

"పల్చని కత్తి తాటిమట్టకు వంగుతది గద. గట్లనే."

జలపతి నవ్వి, "పెండ్లిండ్లకు పోయే పిలగాండ్లకు గిదే అమ్ముత వదినే, నువ్వు కొనవని తెలుసు," అని నల్లది ఒకటి దించిండు. బరువుగుంది. అతుకులు చేతితో తడిమి చూసిన, ఎక్కడ గరుకు లేదు. ఎక్కడ బిగుస్తదని అడిగిన. ఒక్క బోల్టు తోని ముందర పట్టుకునేది వద్దని, కిందికెల్లి ఇంజను కాడ సుత పట్టుకునేది కావాలని అన్న. అనూష నా దిక్కు మెచ్చుకున్నట్టు చూసింది. చేతుల గార్డులు సుత ఆమె, నేను కలిసే చూసినం. బ్రేకు పట్టే చెయ్యి లోపల తిరుగుడుకు జాగ ఉన్నదా అని ఆమె వేళ్లు పెట్టి చూసింది. ఆ కొద్దిసేపు నేను దేనికీ సిగ్గు పడలేదు.

అప్పుడు జలపతి కాలు మీద కాలు ఏసుకొని అడిగిండు. "గిప్పుడు అసలు మాట చెప్పు వదినే. ఎవరు నడుపుతరు? మనిషిని బట్టి గార్డు. పొడుగు మనిషికి ఒక తీరు, పొట్టి మనిషికి ఒక తీరు. ఒక్కడు పోయేదానికి ఒక తీరు, ఆడోళ్లు ఎక్కేదానికి ఒక తీరు."

అనూష నోరు తెరిచింది. నేను ఆమె కంటే ముందుగాల అన్న. "మా తమ్ముని కొడుకు మహిపాల్."

మహిపాల్ సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడుపుతడు. ఈ బండి మొకం చూడలేదు.

"గా పొడుగు పిలగాడా? ఆరడుగులుంటడు గద."

"ఆ, ఆడే."

"మరి చీర గార్డు ఏమన్న కావాలెనా? ఎనుక ఎవరన్న ఆడోళ్లు ఎక్కుతరా?"

"ఎవరు ఎక్కుతరు? ఆడు ఒక్కడే తిరుగుతడు."

"గదే మంచిది. పిలగాండ్లు చీర గార్డు పెడితే మొకం మాడుస్తరు."

అనూష నన్ను ఒకసారి చూసింది. తర్వాత తల వంచుకొని కింద పడ్డ ఒక నట్టును కాలుతోని అటిటు జరుపుకుంట నిలబడ్డది. పరాయి మనిషి ముందట అత్తను అబద్ధమాడుతున్నవని ఏ కోడలు అంటది? అనదని నాకు తెలుసు. తెలిసే అన్న.

జలపతి ఆరడుగుల పిలగానికి సరిపోయేటట్టు, పొడుగు కాళ్లు చాపుకొని పెట్టుకునే కడ్డీలున్న నల్ల గార్డు బిగిచ్చిండు. మంచిగ బిగిచ్చిండు, ఆయన పనిల తప్పు లేదు. చక్రం కాడ మాత్రం అంత ఖాళీ.

మళ్ల ఊరు దాటేదాక దొబ్బుకుంటనే వచ్చినం. ఈసారి అనూష నవ్వలేదు. ఇంటికి వచ్చినంక హెల్మెట్ తీసి, "అత్తమ్మా, మహిపాల్ అన్న ఎప్పుడు వస్తడట బండి తీసుకపోనీకె?" అన్నది.

"గట్ల అనకు పిల్లా."

"మరి రేపు మళ్ల పోయి చీర గార్డు ఏపిద్దాం."

"రేపే పోతే జలపతి ఏమనుకుంటడు? రెండు రోజులు ఆగి జగిత్యాలల ఏపిద్దాం. ఆడ మనల్ని ఎవరు గుర్తుపట్టరు."

సోమవారం పని షురువైంది. జగిత్యాల పోవుడు ఈ వారం, వచ్చే వారం అనుకుంట జరిగిపోయింది. పొద్దుగాల అయిదింటికి పోతే మధ్యాహ్నం వచ్చేది, వచ్చి పడుకునేది. గార్డు కడ్డీ ఆమె పొట్టి కాలుకు అడ్డం వచ్చి, బండి ఆపి కాలు కింద పెట్టినప్పుడల్ల మోకాలు కింద ఎముకకు తగిలేది. అక్కడ నీలిగ కమిలింది.  ఆమె నా పాత చీర ముక్క తీసుకొని కడ్డీకి చుట్టుకున్నది. ఆ నీలి మచ్చ చూసినప్పుడల్ల నేను ఇంకేదో పని ఉన్నట్టు లేసిపోయేదాన్ని.

పంతొమ్మిదో రోజు పడ్డది. చలి దినాలు. చున్నీ మెడకు చుట్టుకొని కొసలు నడుముకు ముడేసుకున్నది. ముడి ఊడి, ఒక కొస ఎనుక చక్రంల పడ్డది. చక్రం గుంజుకున్నది. బండి ఎడమ దిక్కు పడ్డది. పాల వ్యాను ఆయన చూసి ఆపి, కత్తెర లేకుంటే పండ్లతోని కొరికి చున్నీ తెంపిండట. ఆయన ఆ దారిల రాకుంటే ఈ కథ వేరే తీరు ఉండేది. లేపంగనే ఆమె అన్న మొదటి మాట, "డబ్బ చూడుండ్రి, రక్తం సీసాలున్నయి," అని.

నల్ల గార్డు తన పని తను చేసింది. రోడ్డుకు ఇంజనుకు నడుమ జాగ మిగిలింది, కాలు నలుగలేదు. చేతుల గార్డు పగిలి వేళ్లను కాపాడింది. గని చున్నీ గుంజినప్పుడు ఆమె ఎడమ చెయ్యి ఆనిచ్చి పడ్డది. మణికట్టు రెండు తావుల ఇరిగింది. మెడ చుట్టు తాడుతోని కోసినట్టు ఎర్రటి గీత. జగిత్యాల దవఖానల పట్టీ ఏసిన డాక్టర్, "చీర గార్డు లేదా బండికి?" అని అడిగిండు. నేను మందుల చీటీ మడత పెట్టుకుంట నిలబడ్డ.

సాయంత్రం వేణు ఫోన్ చేసిండు. ఏడుస్తున్నడు, ఒర్రుతున్నడు. అనూష మందు మత్తుల ఉన్నది. ఫోన్ నా చేతిల ఉంది.

"అవ్వా, చీర గార్డు పెట్టిచ్చుమని నేను మొదలే చెప్పిన గద? నువ్వు దగ్గరుంటివి గద? ఎందుకు పెట్టియ్యలే?"

నా నోట్లెకెల్లి వచ్చిన మాట ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. ఈ మాట కాడ కలం నాలుగు రోజులు ఆగింది.

"అనూషనే వద్దన్నది బిడ్డా. బండి అందం పోతదన్నది."

 ఫోన్ కట్ అయింది.

తెల్లారి అనూష ఫోన్‌కు వేణు గొంతు మెసేజ్ వచ్చింది. ఆమె ఒక్క చేతితో నొక్కింది, పక్క మంచం మీదున్న నేను ఇన్న. "నీకు షోకు ఎక్కువైంది. ల్యాబు బంద్, బండి బంద్. బండి అమ్ముతున్న, వచ్చే ఆదివారం మనిషి వచ్చి తీసుకపోతడు. నువ్వు బోయినపల్లి పోయి మీ నాయిన ఇంట్ల కూసో."

అనూష ఫోన్ పొట్ట మీద పెట్టుకొని నా దిక్కు చూసింది. కోపంగ చూస్తే బాగుండేది. ఎదురు చూసినట్టు చూసింది. నేను పండు ఒలుస్తున్న. ఒలిచి ఆమె చేతిల పెట్టిన. ఆమె తినలేదు.

ప్రేమలత మేడం ఫోన్ చేసి, వచ్చే నెల ఆఖరు దాక ఆమె జాగ ఆపుతానన్నది. బండి ఉంటేనే, చెయ్యి పనిచేస్తేనే. బండి లేకుంటే ఇంకో పిల్ల తయారుగున్నది. అది సుత నేను ఇన్న. ఆ సాయంత్రమే దశరథం ఆటో మాట్లాడుకొని వచ్చి బిడ్డను తీసుకపోయిండు. పోయేటప్పుడు అనూష నా కాళ్లు మొక్కలేదు. ఇంతకు ముందు ఎన్నడు మొక్కకుంట పోలేదు.

ఆరు రోజులు బీడీలు చుట్టుకుంట కూసున్న. ఆకు చినిగిపోతున్నది, తంబాకు కిందపడుతున్నది. శుక్రవారం నాడు పక్కింటి శాంత చాట తీసుకొని వచ్చి ఎదురుంగ కూసున్నది.

"ఏం సత్యవ్వా, నీ కోడలు షోకుకు పోయి చెయ్యి ఇరగ్గొట్టుకున్నదట గద?"

"ఎవరన్నరు?"

"ఊరంత అంటున్నరు. గార్డు పెడితే బండి అందం పోతదన్నదట. ఆ పోరికి అందం దేనికే, మొగడు ఊర్లె లేనప్పుడు?" అని కన్ను గొట్టి నవ్వింది.

 అందం పోతదన్న మాట, ఒక్క అక్షరం తేడా లేకుంట, నాదే. వేణు వాళ్ల దోస్తుకు చెప్పిండు, ఆడు ఇంకొకనికి చెప్పిండు, ఊరు తిరిగి నా వాకిట్లకు వచ్చింది. పడ్డోని మీదనే తప్పు పెట్టే మాటలు నాకు కొత్త కాదు. మా ఆయనను అన్ననాడు ఎవరు పుట్టిచ్చినరో ఎతుక్కుంట ఇల్లిల్లు తిరిగిన. ఈసారి ఎవరి వాకిట్లకు పోయి కొట్లాడాలె?

"శాంతా, ఆ పిల్ల వద్దనలే. నేనే వద్దన్న," అన్న.

"ఆ?"

"నేనే. దుకాణంల జలపతి అడిగితే ఆడోళ్లెవరు ఎక్కరని నేనే చెప్పిన. కోడలు నడుపుతదని చెప్పుడుకు సిగ్గైంది. కొడుకు అడిగితే ఆమె మీదికి తోసిన."

శాంత చాట కింద పెట్టింది. చుట్టిన బీడీలు అట్లనే వదిలేసి లేసిపోయింది. శాంతకు చెప్పినంక ఊరికి వేరేగ చెప్పే పని ఉండదు.

తెల్లారి మొదటి బస్సు ఎక్కిన. జగిత్యాల పోయి, అక్కడ వేములవాడ బస్సు ఎక్కి, అక్కడి నుంచి ఆటోల బోయినపల్లి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దశరథం వాకిట్ల మంచం మీద కూసొని మోకు అల్లుతున్నడు. లేవలేదు.

"రా అక్కా. మా పిల్లకు అందం పిచ్చి ఎంతున్నదో చూసిపోదువని వచ్చినవా? నేనే పెంచిన. ఎనిమిదో తరగతి దాక నా అంగీలే ఏసుకొని బడికి పోయింది. గంత అందం పిచ్చి."

"తమ్మీ, నన్ను ఎంత అన్న పడత. ముందుగాల పిల్లను పిలువు."

అనూష గడప కాడికి వచ్చింది. చెయ్యి మెడకు కట్టి ఉన్నది. మెడ మీద గీత నల్లబడ్డది. నేను బస్సుల మొత్తం కూడబెట్టుకున్న మాటలు ఒక్కటి గుర్తు రాలేదు. శాంతకు చెప్పిందే మళ్ల చెప్పిన, ఇంకింత ముక్కలు ముక్కలుగ. దశరథం మోకు అల్లేది ఆపిండు. 

అనూష గడప దిగకుంటనే అన్నది. "నాకెందుకు చెప్తున్నరు అత్తమ్మా? నేను ఆ దుకాణంల మీ పక్కనే ఉన్న. ఆ నాడు దవఖానల సుత మీ మొకమే చూసిన, ఇప్పుడన్న చెప్తరేమో అని. ఆయనకు చెప్పుండ్రి. రేపు బండి పోతున్నది."

"ఫోన్ చేసియ్యి."

"డ్యూటీల ఉంటడు, ఎత్తడు. గొంతు మెసేజ్ పెట్టుండ్రి. గిది ఒత్తి పట్టుకొని మాట్లాడాలె. ఇడిస్తే పోతది."

ఒత్తి పట్టిన. మాట రాలేదు. చెమటకు వేలు జారింది, మెసేజ్ పోయింది. దాంట్ల దశరథం దగ్గు, బర్రె అరుపు తప్ప ఏం లేవు. దశరథం లేసి, "బర్రెకు నీళ్లు పెట్టొస్త. ఇగ దాని మాట అయిపోయింది, నీది షురూ చెయ్యి అక్కా," అని దొడ్లెకు పోయిండు. అనూష పెదవి బిగబట్టుకున్నది, నవ్వు ఆపుకున్నదో ఏడుపు ఆపుకున్నదో తెల్వదు.

రెండోసారి ఒత్తి పట్టిన.

"వేణూ, అవ్వను. చీర గార్డు అనూష వద్దనలే. బండి మహిపాల్ నడుపుతడని జలపతికి చెప్పింది నేను. ఎనుక ఆడోళ్లు ఎక్కరని చెప్పింది నేను. తెల్లారి పోయి ఏపిద్దామని పిల్ల అంటే, ఆపింది నేను. నువ్వు అడిగిననాడు ఆమె మీద చెప్పిన, అది సుత అబద్ధం. మీ నాయిన తాగి పడ్డడని అన్నోళ్లను నేను ఎంత తిట్టిన్నో నీకు ఎరుకే. వాళ్ల పని నేను చేసిన. బండి అమ్మకు బిడ్డా. ఆమెను ఏం అనకు. అనేది ఉంటే నన్ను అను."

వేలు ఇడిసిన. పోయింది. అనూష ఫోన్ తీసుకొని గుంజకు ఆనుకొని కూసున్నది. దశరథం ఇంట్ల అన్నం పెట్టినరు, నేను ఫోన్ దిక్కే చూసుకుంట కూసున్న. రెండు గంటలకు ఫోన్ మోగింది. వేణు అనూషతోని మాట్లాడిండు. ఆమె లోపలికి పోయి మాట్లాడింది, నేను ఇనలేదు. బయటికి వచ్చి, "బండి అమ్ముతలేడట. ఆ మనిషికి రావద్దని ఫోన్ చేస్తడట," అన్నది.

"నాతోని మాట్లాడుతడా?"

"మీకు ఇయ్యాలెనా అని అడిగిన. ఇప్పుడు వద్దన్నడు."

నలభై రోజులు వేణు నాతోని మాట్లాడలేదు. నా ఫోన్ మోగినప్పుడల్ల ఆడేనేమో అని ఉరికేదాన్ని, ఆడు బోయినపల్లికి, అనూషకే చేసేటోడు. ఊర్లె నన్ను ఎవరు పెద్దగ ఏం అనలేదు. బీడీల కాడ నేను పోతే మాట ఆపుతుండ్రి, అంతే. మా ఆయన మాట మీద నేను కొట్లాడిన ఒకామె మాత్రం ఎదురుపడి, "మంచిగున్నవా సత్యవ్వా," అని అడిగి, నవ్వుకుంట పోయింది. ఆ నవ్వు నాకు రావాల్సిందే.

పట్టీ ఇప్పినంక అనూష మేడిపల్లి వచ్చింది. వచ్చిన రెండో రోజే బండి మీద కోరుట్ల పోయింది, నడి బజారు నుంచే. నన్ను రమ్మని పిలువలేదు. వస్తనని అడుగుడుకు నాకు మొకం లేదు. జలపతి ఆ పొడుగు కడ్డీలు కోసేసి, ఆమె కాలుకు అడ్డం రాకుంట గార్డు ఎనుకకు జరిపి, చక్రానికి చీర గార్డు, గొలుసుకు నిండు మూత బిగిచ్చిండట. "మహిపాల్ గింత పొట్టిగ ఎప్పుడైండు?" అన్నడట. ఆమె అది చెప్పి నవ్వింది. నేను పొయ్యి దిక్కు తిరిగిన.

ఇగ చెయ్యి మిగిలింది. రక్తం తీసేటప్పుడు సూది కుడి చేతిల ఉంటది గని, ఎడమ బొటనవేలుతోని నరం జారకుంట నొక్కి పట్టాలెనట. ఆ వేలుకు బలం రాలేదు. గ్లాసు పట్టుకుంటె వణుకుతున్నది. ప్రేమలత మేడం సోమవారం రమ్మన్నది, తన ముందట ఒకరికి తీసి చూపియ్యాలె.

శనివారం పొద్దుగాల అనూష అరుగు మీద తువ్వాల పరిచి, సూది, దూది, రబ్బరు పట్టీ పెట్టుకొని కూసున్నది. తన చెయ్యినే చూసుకుంటున్నది. నేను పోయి ఎదురుంగ కూసొని, రవిక చెయ్యి పైకి అనుకొని చెయ్యి చాపిన.

"మీ నరాలు లోపలికి ఉంటయి అత్తమ్మా. కష్టం."

"ఊర్లల్ల ముసలోళ్లయి గిట్లనే ఉంటయి గద. నేర్చుకో."

రబ్బరు కట్టింది. బొటనవేలుతోని నొక్కింది, వేలు వణికింది. మొదటిసారి సూది నరం పక్కకు పోయింది. తీసి, దూది పెట్టి, నా మొకం దిక్కు చూడకుంట మళ్ల నొక్కింది. రెండోసారి సుత రాలేదు, అక్కడ ఉబ్బింది.

"నొస్తున్నదా?"

"లేదు."

"అబద్ధం చెప్పకుండ్రి."

"నొస్తున్నది. కుచ్చు."

ఆమె నా ఇంకో చెయ్యి అందుకున్నది. ఈసారి నా మోకాలు మీద తన మోచెయ్యి ఆనిచ్చి, బొటనవేలు మీద బరువంత ఏసి నొక్కి పట్టింది. శానసేపు పట్టింది. వేలు వణుకుడు ఆగేదాక చూసింది. సూది పోయింది. సీసాల రక్తం మెల్లమెల్లగ ఎక్కింది. ఆమె ఊపిరి ఇడిసింది.

"కదలకుండ్రి," అన్నది. "సీసా నిండనీయుండ్రి."

సత్యవ్వ, అరవై రెండేండ్లు. ఇప్పుడు కోరుట్లల, కోడలు పనిచేసే ల్యాబు ఎనుక సందుల, కిరాయి అర్రల ఆమెతోనే ఉంటున్న.